వాని బండి సప్పుడు

ఇంజన్ ఇంటికొస్తే అత్త పోతుంది, రాకపోతే నేను పోవాలి. ఆ ఎండాకాలం మా ఇంటి పరిస్థితి అదీ. గోదావరిఖనిలో అందరి ఇళ్ళలో కూలర్లు తిరుగుతుంటే మా ఇంట్లో ఈ ఒక్క మాటే తిరిగింది.

మా మామ రాయమల్లు బొగ్గుబాయిలో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి. చేతులు ఊరికే ఉంచుకోలేక ఒక పాత పికప్ బండి కొన్నాడు. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది దాని మీదే, నేర్పింది మా ఆయన జైపాల్. ఆయనకు వేరే పెద్ద వ్యాను ఉండేది. గోదావరి అవతల జైపూర్ దగ్గర భూపాల్ అనే ఆయన బూడిద ఇటుకలు చేయిస్తాడు. ఆ ఇటుకలను ఇళ్ళు కట్టే చోట్లకు తోలడం మా ఆయన పని. మొన్నటి చలికాలం, మంచు కమ్మిన ఒక పొద్దున, పెద్దపల్లి పోయే రోడ్డు మీద లైట్లు లేకుండా నిలిపి ఉన్న లారీని ఆ వ్యాను గుద్దుకుంది. ముందు భాగం నుజ్జయింది. ఆయన సీటులోనే పోయారు. సీటు కింద ఇంజన్‌కు మాత్రం గీత పడలేదు. మొదట చేరుకున్నవాళ్ళు చెప్పిన మాట ఒకటి మా ఇంట్లో ఎవరికీ మరపుకు రాలేదు. వాళ్ళు పోయేసరికి ఇంజన్ ఇంకా నడుస్తూనే ఉందట. ఎవరో లోపల చెయ్యి పెట్టి ఆపారట.

దినాలు అయ్యాక నేను పికప్ తాళంచెవి తీసుకున్నాను. గల్లీలో నోళ్ళు నొక్కుకున్నారు. "తోలగలిగితే తోలు చెల్లె" అన్నాడు భూపాల్. నేను తోలగలను, బండే లాగలేదు. ఇటుకలు వేసుకుని వంతెన దాటి గంగానగర్ వైపు ఎత్తుగా లేచే ఎక్కుడు ఎక్కాలంటే నల్లగా పొగ కక్కి, ముసలి ఎద్దులా మోకాళ్ళ మీద కూర్చునేది. ఇళ్ళు కట్టేది ఎండాకాలంలోనే. వానలు పడితే ఇటుకల గిరాకీ పడిపోతుంది, ఈ కాలం నేను తోలకపోతే భూపాల్ ఇంకో బండి చూసుకుంటాడు. గోలేటి నుంచి మా అన్న ఫోన్ చేసిన ప్రతిసారీ ఒకటే మాట, "ఇగ ఆడ ఏమున్నదని మమతా, వచ్చెయ్."

నాకు పోవాలని లేదు. పిల్లలు లేరు, మొగుడు లేడు, ఏం చూసుకుని ఉంటావని అడిగారు అందరూ. కానీ అత్తమామలిద్దరినీ వదిలిపోతే ఆయన్ను రెండోసారి పోగొట్టుకున్నట్టే అనిపించేది.

ఉగాది పోయిన వారానికి, అన్నాల దగ్గర మామ ఈ మాట ఎత్తాడు.

"మమతా, వ్యాను ఇంజన్ ఉన్నది గదా. దాన్ని మన పికప్‌ల కూసోవెడ్తె ఎట్లుంటది?"

అత్త సారవ్వ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏ వ్యానుది?"

"మన వ్యానుదే. పెద్ద ఇంజన్. గా ఎక్కుడు దానికొక లెక్క గాదు."

"నా కొడుకును తిన్నదాన్ని నా ఇంటికి తెస్తవా?" అత్త గొంతు పైకి లేవలేదు, అదే నాకు భయమేసింది. "వాడు పోయినంక గూడ మొత్తుకుంటనే ఉన్నదట. సిగ్గులేని ఇంజన్."

"ఆగుమని చెప్పెటోడు లేడు, అది ఆగలేదు. దానిదేం తప్పు?" అన్నాడు మామ. తర్వాత నా వైపు తిరిగాడు. "బాయిల మా గ్యాంగుల ఒక పద్ధతి ఉండె బిడ్డా. మిషిన్ కాడ మనిషి పోతే, దాన్ని మూలకు వడెయ్యం. దినాలైనంక గ్యాంగుల పెద్దోడు దాన్ని తుడిసి, నూనె వోసి, ముందుగాల తనే నడిపిస్తడు. మూలకు వడేస్తే దాని దిక్కు వోవుడుకే అందరికి భయం వడ్తది. భయంతోటి పనిజేసినోడే ఇంకోసారి పోతడు."

"నీ బాయి సుద్దులు నీ కాడనే వెట్టుకో." అత్త లేచి గోడకున్న ఫోటో దగ్గరికి పోయింది. పూలదండ వెనక నవ్వుతున్న జైపాల్ ముందు అరచెయ్యి పెట్టింది. "వాని బండి ఇంజన్ గీ గేటు లోపలికొచ్చిన్నాడు నేను జైపూర్, మా తమ్మునింటికి పోత. నా కొడుకు మీద ఒట్టు."

ఒట్టు వేసిందంటే మా అత్త మాట తప్పదు. ఒకసారి ఎవరి మీదో కోపంతో చాయ్ మానేస్తానని ఒట్టేసి, ఏడాదంతా ఉత్త వేడినీళ్ళు తాగిన మనిషి. మామకు అది తెలుసు. తెలిసీ మజ్జిగ పోసుకుని అన్నం కలుపుకున్నాడు.

ఆ రోజు నుంచి ఇద్దరి మధ్య మాటల్లేవు. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని "మీ మామకు చెప్పు, నీళ్ళు కాగినయని" అని ఒకరు, "మీ అత్తకు చెప్పు, నాకిప్పుడు వద్దని" అని ఒకరు. నడుమ నేను పోస్టాఫీసు. నవ్వొచ్చే సంగతే గాని మాకెవరికీ నవ్వు రాలేదు.

ఇంజన్ మార్చే పని గంగానగర్‌లో ఎలీషా షెడ్డులో జరిగింది. ఎలీషా వాళ్ళ నాన్న అంద్రెయ, మా మామ ఒకే షిఫ్టులో ఫిట్టర్లు. ఎలీషా, మా ఆయన ఒకే బెంచీ మీద చదువుకున్నారు. ఎలీషానే తన మనుషులను పంపి, పాత సామాను దుకాణం వెనక పడి ఉన్న వ్యానులో నుంచి ఇంజన్ విప్పించి తెచ్చాడు. మామ అక్కడికి పోలేదు. షెడ్డులోనే కూర్చుని ఎదురుచూశాడు.

గొలుసు కప్పీకి వేలాడుతూ ఇంజన్ లోపలికొచ్చినప్పుడు నేను గోడ పట్టుకున్నాను. ఏదో ప్రాణమున్న దాన్ని చూస్తాననుకున్నాను. చూస్తే నూనె మరకలు, దుమ్ము, ఒక పక్క ఎండిన గడ్డిపోచ. అంతే. మామ తుండుగుడ్డ తీసి, ఆ గడ్డిపోచను తీసేసి, ఇంజన్ మొత్తం తుడిచాడు. చంటిపిల్లవాడి ఒళ్ళు తుడిచినట్టు మడతలన్నీ వెతికి తుడిచాడు.

పికప్‌లో అది పట్టలేదు. చిన్న చెప్పుల్లో పెద్ద కాలు. రేడియేటర్‌ను ముందుకు జరిపారు, అడ్డంగా ఉన్న ఇనుప దూలాన్ని కోసి కిందికి దించి అతికారు. అయినా బానెట్ మూతపడలేదు, దానికి కన్నం చేసి పైన రేకు బుడిపె వేశారు. గేరు డబ్బా కూడా వ్యానుదే వచ్చింది, దానితోపాటే గేరు రాడ్డు, దాని తలమీద మా ఆయన చేతికి అరిగి నున్నబడిన నల్లగుండు.

"బ్రేకులు గూడ పెద్దయే వెయ్యాలె కాక" అన్నాడు ఎలీషా. "గుంజుడు పెరిగినప్పుడు ఆపుడు గూడ పెరగాలె. ఇంకోటి, పెద్దపల్లి ఆర్టీఓ ఆఫీసుల బండి చూపిచ్చి కొత్త ఇంజన్ నంబరు ఎక్కిచ్చుకోవాలె."

"అన్ని చేద్దాం" అన్నాడు మామ.

"ఇంజన్ కింది రబ్బర్లు వ్యాను చాసీకే ఉండిపొయినయి. పోరలను పంపి ఇప్పిచ్చుకొస్త."

"రబ్బర్లెందుకు?"

"ఇంజన్ అదురుతది గదా. గా అదురు చాసీకి రావద్దని."

"అదురకుండ నేను బిగిస్త."

ఎలీషా నవ్వి ఊరుకున్నాడు గాని మామ నవ్వులాటకు అనలేదు. ఆయన బతుకంతా బిగించింది హాలేజీ ఇంజన్లు. బాయి లోపలి నుంచి బొగ్గు డబ్బాలను ఇనుప తాడుతో పైకి లాగే యంత్రాలవి. కాంక్రీటు దిమ్మెలో బోల్టులు దింపి, ఇనుము మీద ఇనుము పెట్టి, ఇంక తిరగదు అనేదాకా బిగిస్తారు. ఆ యంత్రం వెంట్రుక మందం జరిగినా తాడు దారి తప్పుతుంది, కింద ఉన్నవాళ్ళ ప్రాణం మీదికొస్తుంది. కదిలే బోల్టు అంటే మామకు చచ్చే మనిషితో సమానం.

"బాయిల నేల కదలదు కాక. ఇది రోడ్డు మీద ఉరికే బండి."

"ఇనుముకు ఇనుమే దోస్తు. నడుమ రబ్బరేంది? నాకు నేర్పకు, మీ నాయినను అడుగు."

"మామా, అన్న చెప్పేది ఇనరాదు" అన్నాను.

"నువ్వు తోలు బిడ్డా. నేను బిగిస్త."

ఆయన మొండితనం వెనక ఇంకొకటి ఉందని నాకప్పుడే అనుమానం. రబ్బర్లు కావాలంటే ఎవరో ఒకరు ఆ వ్యాను ముందు భాగం కిందికి దూరాలి. మామ దాన్ని ఇంతవరకు కళ్ళతో చూడలేదు, దాని ఊసు ఎత్తితే లేచి పోతాడు. కొడుకు పోయిన రోజు ఇంటినిండా ఏడుపులు లేస్తుంటే ఈయన పానా తెచ్చుకుని, ఎప్పటినుంచో ఊగుతున్న గేటు బోల్టును బిగిస్తూ కూర్చున్నాడు. శవం ఇంటికొచ్చినా పానా వదల్లేదు. ఆ రోజు ఏడవలేదు, తర్వాతా ఏడవలేదు. రాతిగుండె అన్నారు చుట్టాలు. నేను మాత్రం ఆ పానా పట్టిన చేతివేళ్ళు తెల్లబడి ఉండటం చూశాను.

చివరికి ఇనుప పట్టీలు కొట్టించి, ఇంజన్‌ను నేరుగా చాసీకే, బండిని మోసే ఇనుప చట్రానికే బిగించాడు. ఎలీషా కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ప్రార్థన చేసుకున్నాడు. మామ కొబ్బరికాయ కొట్టాడు. వాళ్ళ గ్యాంగు పద్ధతి ప్రకారం తనే ఎక్కి, తాళంచెవి తిప్పి, షెడ్డు చుట్టూ ఒక తిరుగుడు తిప్పి నా చేతికిచ్చాడు.

బండి తీసుకుని మేమిద్దరం ఇంటి గల్లీ మలుపు తిరిగేసరికి గేటు దగ్గర అత్త నిలబడి ఉంది. చేతిలో బట్టల సంచి. ముతక చీర కట్టుకుని, నెత్తికి నూనె రాసుకుని, పయనమైపోయి ఉంది. మామ ముందుకు చూస్తూ కూర్చున్నాడు.

బండిని గేటు లోపలికి తెచ్చి నిలిపాను, ఇంజన్ ఆపలేదు. అత్త చెవి ఒగ్గి విన్నది. బండి రేకులన్నీ గలగలలాడుతున్నాయి, అద్దాలు గజగజలాడుతున్నాయి, తలుపులు కొట్టుకుంటున్నాయి. ఆ మోతలో ఇంజన్ శబ్దం ఏదో, రేకు శబ్దం ఏదో తెలియడం లేదు. అత్త అట్లాగే నిలబడింది. ఏదో వస్తుందని చూసిన ముఖం, అది రానట్టు, మెల్లగా వాడిపోయింది.

"ఇది వానిది గాదు" అన్నది.

"ఆయనదే అత్తా. నంబరు గూడ చూసిన."

"వాని బండి సప్పుడు నాకు ఎరుకలేదా? గల్లీ తిరుగంగనె నేను లేసి పొయ్యి ముట్టిచ్చేదాన్ని. ఇంత మెత్తగ ఉంటుండె." ఆమె చెయ్యి గాలిలో ఏదో నిమిరింది. "మీ మామను ఎవడో మోసం చేసి ఇంకోటి అంటగట్టిండు. ఇది నా కొడుకు బండి ఇంజన్ గాదు."

"మరి... పోతవా?"

"వాని ఇంజన్ వచ్చిన్నాడు పోత అన్న. ఇది గాదు గదా."

సంచిని తలుపు పక్కన గోడకు ఆనించి లోపలికి పోయింది. మామ చాలాసేపు బండి దిగలేదు.

నాకప్పుడు అర్థమైంది. వద్దు వద్దని ఒట్టు పెట్టుకున్న మనిషి పొద్దటి నుంచీ ఆ శబ్దం కోసమే చెవులు రిక్కించి కూర్చుంది. పోతుందన్న భయం మాకు, రాలేదన్న దుఃఖం ఆమెకు.

బండి లాగడం మాత్రం లాగింది. ఎక్కుడు దగ్గర ఇంతకు ముందు నన్ను చూసి నవ్విన ఆటోవాళ్ళు పక్కకు జరిగి దారిచ్చారు. రోజూ ఇటుకలు తోలాను, భూపాల్ ఇంకో బండి మాట ఎత్తలేదు. కానీ సాయంత్రానికి నా చేతులు మొద్దుబారేవి. గేరు రాడ్డు పట్టుకుంటే జ్వరమొచ్చినవాడి చెయ్యిలా వణికేది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నాక కూడా పళ్ళు అదురుతున్నట్టే ఉండేది. మామకు చెబితే పానా తీసుకుని బండి కిందికి దూరి ఇంకో చుట్టు బిగించేవాడు. మర్నాటికి ఇంకా ఎక్కువ అదిరేది. ఆయన ఇంకో చుట్టు బిగించేవాడు.

తలుపు పక్కన సంచి అట్లాగే ఉంది. అత్త దాన్ని విప్పలేదు, తియ్యలేదు. ఊడ్చేటప్పుడు పక్కకు జరిపి, మళ్ళీ అక్కడే పెట్టేది.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మా బండి పగిలింది. మిట్టమధ్యాహ్నం వంతెన దాటి ఎక్కుడు సగం ఎక్కానో లేదో కాళ్ళకింద ఫెళ్ళుమంది. ఇంజన్ ఒక పక్కకు ఒరిగింది, ఫ్యాను రెక్క రేడియేటర్‌ను చీల్చింది, ఆవిరి లేచి అద్దం కమ్మేసింది. బ్రేకు మీద నిలబడ్డట్టే తొక్కాను. ఎలీషా వేసిన పెద్ద బ్రేకులు పట్టుకున్నాయి. లేకపోతే వెనక్కి జారి గోదావరి దాకా పోయేదాన్ని. దిగి, చక్రాల కింద రెండు ఇటుకలు పెట్టి, ఎలీషాకు ఫోన్ చేశాను.

ఎలీషా బైకు వెనక కూర్చుని మామ కూడా వచ్చాడు. బైకు ఆగకముందే దిగబోయి పడబోయాడు. వచ్చి నా భుజాలు, చేతులు తడిమి చూశాడు. నేను కాపురానికొచ్చిన పన్నెండేళ్ళలో ఆయన నన్ను ముట్టుకున్నది అదే మొదటిసారి.

"నీకేం కాలేదు గదా బిడ్డా? ఏం కాలేదు గదా?"

"ఏం గాలే మామా."

ఎలీషా అప్పటికే బండి కిందికి దూరాడు. మామ తారురోడ్డు మీద మోకాళ్ళూని అడిగాడు.

"నా బోల్టు పలిగిందా?"

ఎలీషా కింది నుంచే చెప్పాడు.

"బోల్టు మంచిగనే ఉన్నది కాక. ఇంచు గూడ జరుగలే. దాని సుట్టున్న ఇనుము పలిగింది. చాసీనే చీలింది."

ఎలీషా బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ, చిన్నగా, తప్పు పట్టినట్టు కాకుండా చెప్పాడు. "దాన్ని జరంత ఊగనియ్యాలె కాక. ఊగనిస్తేనె నిలవడ్తది. నువ్వు బిగవట్టిన కొద్ది పక్కదాన్ని చీలుస్తది."

మామ బండి నీడలో కూర్చుండిపోయాడు. లారీలు పక్కనుంచి దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. అప్పుడు అడిగాడు, "గా రబ్బర్లు ఇంక ఆన్నే ఉన్నయా?"

"ఉన్నయి. కొత్తయి తెప్పియ్యాలంటె దినాలు వడ్తది. పోరలను పంపుత..."

"పోరలు వద్దు. నేనే పోత."

మర్నాడు పొద్దున్నే పాత సామాను దుకాణానికి మామ, నేను పోయాం. వెనక తుమ్మ చెట్ల నడుమ వ్యాను ఉంది. ముందు భాగం లోపలికి ముడుచుకుపోయి, ముఖం లేని మనిషిలా ఉంది. నేను కూడా చూడటం అదే మొదలు. తలుపు మీద ఆయన రాయించుకున్న ఇంటిపేరులో సగం అక్షరాలు మిగిలాయి. ఒక రాయి మీద కూర్చున్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

మామ ఏడవలేదు. చుట్టూ ఒకసారి తిరిగాడు. తుండుగుడ్డ నేల మీద పరిచి, వెల్లకిలా పడుకుని, ఆ ముడుచుకుపోయిన ఇనుము కిందికి మెల్లగా జరిగాడు. పాదాలు మాత్రమే బయట ఉన్నాయి.

"పానా ఇయ్యి."

ఇచ్చాను. ఒక బోల్టు విడుస్తున్న కిర్రుమన్న శబ్దం. ఒక రబ్బరు బయటికొచ్చింది. ఇంకొకటి. తర్వాత శబ్దం ఆగిపోయింది. పానా రాయి మీద పడిన చప్పుడు వినిపించింది, మళ్ళీ ఎత్తిన చప్పుడు వినిపించలేదు. ఆయన పాదాలు కదులుతున్నాయి. ముందు చిన్నగా, తర్వాత ఒళ్ళంతా అదురుతున్నట్టు. నేను పిలవలేదు. అక్కడే కూర్చుని ఆ పాదాల మీద పడుతున్న ఎండకు నా కొంగు అడ్డం పట్టాను.

ఎండ చెట్ల మీదికి వచ్చాక పానా శబ్దం మళ్ళీ మొదలైంది. బయటికొచ్చేసరికి ఆయన కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. నాలుగు రబ్బర్లను తుండుగుడ్డలో మూటకట్టి నా చేతికిచ్చాడు. నల్లగా, బరువుగా, వేలితో నొక్కితే కొంచెం లోపలికి పోయి మళ్ళీ పైకొస్తున్నాయి.

"మంచిగనే ఉన్నయి" అన్నాడు.

చాసీ అతికి, రబ్బర్ల మీద ఇంజన్ కూర్చోబెట్టి, రేడియేటర్ మార్చి బండి నా చేతికిచ్చేసరికి మృగశిర వచ్చింది. మబ్బు పట్టింది. ఈసారి మామ షెడ్డులో ఉండలేదు, నన్ను తెమ్మని చెప్పి ముందే ఇంటికి పోయాడు.

తాళంచెవి తిప్పాను. రేకులు మోగలేదు, తలుపులు కొట్టుకోలేదు. మెత్తగా, లోతుగా, అన్నం ఉడుకుతున్న కుండలా గుడగుడమంది. నాకు ఆ శబ్దం తెలుసు. నా పెళ్ళైన నాటి నుంచి ప్రతి సాయంత్రం గల్లీ మలుపులో విన్న శబ్దమది. షెడ్డు ముందు స్టీరింగు మీద తలపెట్టుకుని కాసేపు అట్లాగే ఉండిపోయాను. ఎలీషా అటు తిరిగి నిలబడ్డాడు.

దారంతా ఒకటే భయం. ఇప్పుడిది ఆయన ఇంజనే. ఇంక అత్తకు చెప్పుకోవడానికి సాకు లేదు, నా చేతులతో నేనే ఆమె ఒట్టును ఇంటికి తోలుకుపోతున్నాను. గల్లీ మలుపులో ఒక్క క్షణం ఆపి, తిప్పుకుని పోదామా అనుకున్నాను. ఎటు పోతాను?

గేటు తీసే ఉంది. లోపల వంటింట్లో పొయ్యి వెలుగుతోంది, దాని మీద నీళ్ళ గిన్నె. పొయ్యి ముట్టించి, అది వదిలేసి, అత్త వాకిట్లోకి వచ్చి నిలబడి ఉంది. కళ్ళు మూసుకుంది. ఇంజన్ ఆపబోయాను.

"ఆపకు" అన్నది. "జరసేపు ఉండనియ్యి."

ఉండనిచ్చాను. తర్వాత ఆమె కళ్ళు తుడుచుకుని, లోపలికి పోయి పొయ్యి ఆర్పి, తలుపు పక్కనున్న సంచి తీసుకుని వచ్చింది. వచ్చి బండి తలుపు తెరిచి నా పక్కన ఎక్కి కూర్చుంది.

"పా. జైపూర్‌ల దించి రా."

"అత్తా..."

"కొడుకు మీద ఒట్టేసిన. తప్పుతనా?"

మామ అరుగు మీద నుంచి లేచాడు. రెండు నెలలుగా నా ద్వారానే మాట్లాడిన మనిషి, మొట్టమొదటిసారి నేరుగా అన్నాడు. "సారవ్వా, బీపీ గోలీలు వెట్టుకున్నవా?"

ఆయన గేటు పట్టుకుని నిలబడ్డాడు. అద్దంలో చిన్నగా అయ్యేదాకా అట్లాగే ఉన్నాడు.

వంతెన దాటాం. నాకు లోపల మండిపోతోంది. ఈ ఇంజన్ రావాలని పట్టుబట్టింది నేను కాదు, ఒట్టు పెట్టుకున్నది నేను కాదు, చివరికి ఇల్లు ఖాళీ అయ్యేది నా ముందు. కొడుకు పోయిన ఇంట్లో ఆ ముసలాయన, నేను ఎదురెదురుగా కూర్చుని ఎవరి మాట ఎవరికి మోయాలి? అడుగుదామని పక్కకు తిరిగాను. అత్త నా వైపు చూడటం లేదు. గేరు రాడ్డు వైపు చూస్తోంది. అది సన్నగా, నిదానంగా ఊగుతోంది.

జైపూర్‌లో వాళ్ళ తమ్ముడి ఇంటి ముందు ఆపాను. వాకిట్లో ఎవరూ లేరు, లోపల టీవీ మోగుతోంది. నేను దిగి అటువైపు వచ్చి తలుపు తెరిచాను. అత్త ఆ ఇంటి వైపు చూసింది, ఒళ్ళోని సంచి వైపు చూసింది. దిగలేదు.

"దిగు అత్తా."

"ఎందుకు?"

"పోత అంటివి గదా."

"పోత అన్న, వచ్చిన." సంచిని కాళ్ళ దగ్గర పెట్టుకుంది. "ఉంట అన్ననా? తలుపెయ్యి. మీ మామకు తన గోలీలు ఏడున్నయో ఎరుక లేదు, పొయ్యి గూడ ముట్టిచ్చుకోరాదు. జల్ది పా, వాన వచ్చెటట్టున్నది."

నేను తలుపు వేసి, బండి వెనక నుంచి చుట్టూ తిరిగి వచ్చాను. నా ముఖం ఆమె చూడకూడదని.

తిరిగి వచ్చేటప్పుడు వంతెన మీద మొదటి చినుకులు పడ్డాయి. అద్దం తుడిచే పుల్లలు తడబడుతూ లేచాయి. అత్త చెయ్యి చాపి గేరు రాడ్డు తలమీద, నున్నబడిన ఆ నల్లగుండు మీద అరచెయ్యి వేసింది. ఆ ఊపు ఆమె వేళ్ళలోకి, మణికట్టులోకి, గాజుల్లోకి ఎక్కింది. గాజులు సన్నగా మోగాయి.

వంతెన అయిపోయింది, ఎక్కుడు వచ్చింది.

"అత్తా, గేరు మార్చాలె."

"మార్చు" అన్నది, చెయ్యి తియ్యకుండా.

ఆ చెయ్యి మీదే నా చెయ్యి వేసి రెండో గేరులోకి తెచ్చాను. బండి ఎక్కింది.